పూల్ నీళ్లు ఎండకు పోతున్నాయా, నేలలోకి పోతున్నాయా?

ప్రశ్న: మా పెరట్లో ఎనిమిదేళ్ల కిందట కట్టించిన స్విమ్మింగ్ పూల్ ఉందండీ. కాంక్రీటుది, లోపలంతా టైల్స్, 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. రెండు నెలలుగా నీళ్లు తగ్గిపోతున్నాయి, రోజుకు సెంటీమీటరు పైనే. మూడు రోజులకోసారి గొట్టం పెట్టి నింపుతున్నాం. క్లోరిన్ కూడా ఇదివరకటి కంటే ఎక్కువ పడుతోంది. ఈ మధ్య నీళ్లు తిరిగొచ్చే నోళ్లలోంచి బుడగలు వస్తున్నాయి. పూల్ శుభ్రం చేసే అతను భూమిలో పైపు పగిలింది, చుట్టూ గచ్చు పగలగొట్టాల్సిందే అంటాడు, ఏ పైపు అంటే చెప్పలేడు. మా వారేమో ఎండకు ఆవిరైపోతున్నాయి, ఊరుకో అంటారు. ఎవరి మాట నమ్మాలి? ఈలోపు పిల్లల్ని ఈతకు దించొచ్చా?

సమాధానం: ముందు ఆ గచ్చు పగలగొట్టే పని ఓ వారం వాయిదా వేయండి. ఏ పైపో తెలియనప్పుడు ఎక్కడ తవ్వుతారట? పూల్ చుట్టూ కందకం తవ్వి చూస్తారా? పైపు నిజంగానే పగిలి ఉండొచ్చు, కాదనను, కానీ నేలలోకి నీళ్లు పోతున్నాయంటే నేలలో ఉన్న పైపే కారుతోందని అర్థం కాదు. చాలాసార్లు లీకు చేతికందే చోటే ఉంటుంది. స్కిమ్మర్ (నీటి మట్టం దగ్గర గోడలో ఉండి, పైన తేలే చెత్తతో పాటు నీళ్లను పంపు వైపు లాగే నోరు) అతుకు దగ్గరో, లైటు వెనకో, నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ నోటి చుట్టూ, సందుల్లో నింపిన గ్రౌట్ ఊడిన చోటో నీళ్లు దారి చేసుకుని మట్టిలోకి దిగిపోతుంటాయి, పైకి చూస్తే ఒక్క చుక్క కనిపించదు.

మీ వారి మాటలోనూ కొంత నిజముంది. వెచ్చటి వాతావరణంలో పూల్ నీళ్లు రోజుకు 3 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఆవిరవడం మామూలే, గాలి జోరుగా వీస్తూ వాతావరణం పొడిగా ఉంటే అంతకన్నా ఎక్కువే పోతాయి. ఎండ ఒక్కటే చూసి లెక్క కట్టకండి. పగలంతా వేడెక్కిన నీళ్ల మీద రాత్రి చల్లటి పొడిగాలి వీచినా బాగానే పోతాయి, అందుకే పొద్దున్నే లేచి చూసి "రాత్రి ఎండ లేదుగా, మరి నీళ్లెలా తగ్గాయి" అని కంగారుపడేవాళ్లు ఉంటారు. అయితే రోజూ సెంటీమీటరు పైన, అదీ రెండు నెలలు విడవకుండా అంటే, నాకైతే అంతా ఆవిరే అనిపించడం లేదు. క్లోరిన్ ఎక్కువ పడుతోందన్నారు చూశారా, అది ఇంకో ఆధారం. ఎండాకాలంలో క్లోరిన్ ఎలాగూ ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి దాన్ని మాత్రమే పట్టుకుని తేల్చలేం, కానీ దానితో పాటు స్టెబిలైజర్ (క్లోరిన్ ఎండకు త్వరగా పోకుండా నీళ్లలో కలిపే మందు) కూడా తగ్గుతోందా అన్నది చూడండి. ఉప్పు పూల్ ఉన్నవాళ్లయితే ఉప్పు చూడాలి. ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులో కరిగిన ఉప్పు, స్టెబిలైజర్ లాంటివి పూల్‌లోనే ఉండిపోతాయి. మళ్లీ అదే మట్టానికి నింపి పరీక్ష చేస్తే పాత అంకే రావాలి. బ్యాక్‌వాష్ (ఫిల్టర్‌లోకి నీళ్లు వెనక్కి పంపి కడిగి, ఆ నీళ్లు బయటికి వదలడం) చేయకుండా, వానకు పొంగిపోకుండా ఆ అంకె నెలనెలా పడిపోతోందంటే నీళ్లు ఉప్పుతో సహా, స్టెబిలైజర్‌తో సహా ఎటో వెళ్లిపోతున్నట్టే.

సరే, ఊహలు వదిలేసి కొలుద్దాం. కావాల్సింది ఒక బకెట్, ఒక రాయి, రెండు ముక్కల టేపు.

బకెట్‌లో అడుగున రాయి వేసి, పూల్ నీళ్లే నింపి, పూల్ మెట్టు మీద పెట్టండి. బకెట్ చాలావరకు పూల్ నీళ్లలో మునిగి ఉండాలి, అంచు మాత్రం నాలుగైదు సెంటీమీటర్లు పైకి ఉండాలి. అలా మునిగి ఉంటేనే లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడిలో ఉంటాయి. బకెట్‌ను గట్టు మీద పెట్టి కొలిచేవాళ్లున్నారు, ఎండకు అది వేడెక్కిపోయి లెక్కంతా తప్పుతుంది, ఆ పరీక్ష చేసినా చేయకపోయినా ఒకటే. లోపలి మట్టం బయటి మట్టంతో సమానంగా వచ్చేలా నీళ్లు సరిచేయండి. లోపలి మట్టం దగ్గర బకెట్ లోపలివైపు ఒక టేపు, పూల్ మట్టం దగ్గర బకెట్ బయటివైపు ఇంకో టేపు, రెండూ పై అంచు నీటికి సరిగ్గా తగిలేలా. తడి ప్లాస్టిక్‌కు టేపు అంటుకోదు, ముందు పొడిగుడ్డతో తుడవండి, అప్పటికీ జారిపోతుంటే మార్కర్‌తో గీత గీసేయండి. మెట్లు లేని పూల్ అయితే బకెట్‌ను నిచ్చెన మెట్టుకు కదలకుండా కట్టుకోవచ్చు.

ఇరవై నాలుగు గంటలు అలా వదిలేయండి. ఆ రోజు ఎవరూ ఈతకు దిగకూడదు, కుక్క కూడా. గొట్టం పెట్టకూడదు, నీళ్లు తగ్గగానే వాటంతటవే నింపుకునే వాల్వ్ ఉంటే కట్టేయాలి. (మీకు ఆ వాల్వ్ లేకపోవడం ఒక రకంగా అదృష్టమే. అది ఉన్న ఇళ్లలో లీకు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు, నీళ్ల బిల్లులో కనిపించేదాకా.) వాన పడితే మొత్తం మళ్లీ మొదలు.

మర్నాడు రెండు గీతల నుంచీ నీళ్లు ఎంత దిగాయో స్కేలు పెట్టి చూడండి. రెండూ ఇంచుమించు ఒకటే అయితే మీ వారు గెలిచారు, అంతా ఆవిరే. పూల్ ఎక్కువ దిగితే ఆ తేడాయే లీకు. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటే దాన్ని పట్టుకుని వేలాడకండి, బకెట్ అంచు గాలిని కాస్త అడ్డుకుంటుంది కాబట్టి లోపల కొంచెం తక్కువ ఆవిరవుతుంది, ఆ మాత్రం తేడా సహజం. అనుమానంగా ఉంటే మూడు రోజులు వరసగా కొలవండి.

ఈ మిల్లీమీటర్లను లీటర్లలోకి మార్చడం చాలా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. మీది 8 ఇంటూ 4, అంటే 32 చదరపు మీటర్లు, కాబట్టి మట్టం ఒక్క మిల్లీమీటరు దిగితే 32 లీటర్లు పోయినట్టు. ఉదాహరణకు పూల్ 12, బకెట్ 5 మిల్లీమీటర్లు తగ్గాయనుకోండి, తేడా 7, అంటే రోజుకు 224 లీటర్లు నేలలోకి. నెలకు ఆరు వేల ఏడు వందల లీటర్ల పైచిలుకు. మీ పూల్ సగటున ఒకటిన్నర మీటరు లోపు లోతు ఉంటుందనుకుంటే నెలకు దాదాపు ఏడో వంతు నీళ్లు మారిపోతున్నాయన్నమాట. మీ క్లోరిన్ ఎటు పోతోందో ఇప్పుడు తెలిసింది కదా.

లీకు ఉందని తేలితే, అదే బకెట్‌తో ఇంకో పని ఉంది. అసలు కిటుకంతా ఇందులోనే. ఒక రోజు పంపు పూర్తిగా ఆపేసి కొలవండి, ఇంకో రోజు పంపు ఆగకుండా నడుస్తుండగా కొలవండి. (ఆపే ముందు క్లోరిన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, ఒక్క రోజుకు నీళ్లు పచ్చబడిపోవు. ఫౌంటెన్ లాంటిది ఉంటే రెండు రోజులూ ఆపేయండి, అది ఆవిరిని పెంచుతుంది, బకెట్‌కు ఆ సంగతి తెలియదు.) పంపు నడిచినప్పుడు ఎక్కువ పోతున్నాయంటే లీకు పంపు తర్వాతి వైపు, అంటే పంపు ఒత్తిడితో నీళ్లు తోసే రిటర్న్ పైపుల్లో ఉన్నట్టు. చిన్న బీటలోంచి కూడా ఒత్తిడికి నీళ్లు చిమ్ముకుంటూ పోతాయి. పంపు ఆగినప్పుడే ఎక్కువ పోతున్నాయంటే పంపు ముందు వైపు, అంటే పూల్ నుంచి నీళ్లు లాగే పైపును అనుమానించాలి. నడిచినా ఆగినా ఒకేలా పోతుంటే పూల్ గోడ, అడుగు, లేదా వాటికి బిగించిన సామాన్ల వైపు చూడాలి.

పంపు ఆగితే లీకు పెరగడమేమిటి అని చాలామందికి అయోమయం. స్ట్రాకు మధ్యలో చిల్లు ఉంటే లాగినప్పుడు ఏమవుతుంది? జ్యూస్ బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. లాగే పైపుకు బీట ఉంటే పంపు నడిచినంతసేపూ అంతే, గాలి లోపలికి వచ్చి రిటర్న్ నోళ్లలోంచి బుడగలుగా పోతుంది. పంపు ఆగగానే ఆ పైపు నిండా నిలిచిన నీళ్లు అదే బీటలోంచి మట్టిలోకి కారుతాయి. మీరు బుడగలని రాశారు కాబట్టి నా చూపు ముందు అటే పోయింది. కానీ ఆగండి, బుడగలకు ఇంతకంటే మామూలు కారణాలు రెండున్నాయి. పంపు మూత కింద ఉండే రబ్బరు రింగు ఎండిపోయి పగుళ్లిచ్చినా గాలి లాగేస్తుంది. మూడు రోజులకోసారి నింపుతున్నారంటే మధ్యలో మట్టం స్కిమ్మర్ నోటికి కింది దాకా దిగిపోతోందేమో కూడా చూడండి, అప్పుడు స్కిమ్మర్ నీళ్లతో పాటు గాలిని కూడా మింగుతుంది. మట్టం స్కిమ్మర్ నోటికి సగం దాకా నింపి, మూత తీసి రింగు తుడిచి పూల్ వాళ్లు వాడే గ్రీజు రాసి, మళ్లీ బిగించి చూడండి. బుడగలు ఆగిపోతే పైపు మీద నింద తప్పినట్టే. ఇవన్నీ సరిగ్గా ఉన్నా బుడగలు వస్తూ, పంపు ఆగినప్పుడే నీళ్లు ఎక్కువ తగ్గుతుంటే మీ శుభ్రం చేసే అతని మాటకు కాస్త బలం వచ్చినట్టు.

పంపు, ఫిల్టర్ ఉండే చోట కూడా ఓ చూపు చూడండి. పంపు కింద తడి ఉందా, వాల్వ్‌ల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుందా. ముఖ్యంగా బ్యాక్‌వాష్ నీళ్లు బయటికి పోయే గొట్టం చివర. ఫిల్టర్ మామూలుగా నడుస్తున్నప్పుడు అందులోంచి చుక్క కూడా రాకూడదు, ధారగా వస్తుంటే ఫిల్టర్‌లో నీళ్ల దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ లోపలి గాస్కెట్ (రబ్బరు సీలు) పోయినట్టు. ఆ గొట్టం చాలాచోట్ల డ్రైనేజీలోకి పోతుంది కాబట్టి ఎవరూ చూడరు, వందల లీటర్లు నిశ్శబ్దంగా పోతుంటాయి. గాస్కెట్ మార్చడం చిన్న పని. దానికోసం గచ్చు పగలగొట్టించుకుంటే ఏడుపొస్తుంది.

ఇక మీరు రాయని విషయం ఒకటి ఉంది. నీళ్లు నింపకుండా వదిలేస్తే మట్టం ఎక్కడైనా ఆగుతోందా? పంపు ఆపి, కొన్ని రోజులు అలా వదిలి, రోజూ ఒకే వేళకు గోడ మీద గీత పెట్టండి. నీళ్లు లీకున్న ఎత్తు దాకా దిగి, అక్కడి నుంచి ఆవిరైనంత మాత్రమే తగ్గుతాయి. స్కిమ్మర్ నోటి అడుగంచు దగ్గర ఆగితే స్కిమ్మరో, దాని పైపో. రిటర్న్ నోళ్ల మట్టంలో ఆగితే ఆ నోళ్లో, వాటి వెనక పైపో. లైటు మట్టంలో ఆగితే లైటు. అక్కడా ఆగకుండా దిగిపోతూనే ఉంటే అడుగు డ్రెయినో, అడుగులో పగులో. కానీ అంతదాకా రానివ్వకండి, ఓ అరమీటరు దిగిన తర్వాత ఆపి మళ్లీ నింపేయండి. మట్టం స్కిమ్మర్ కింద ఉన్నంతసేపూ పంపు పొరపాటున కూడా వేయకండి, నీళ్లు లేకుండా తిరిగితే పాడవుతుంది.

మట్టం ఎక్కడ ఆగిందో తెలిస్తే వెతకాల్సిన చోటు జానెడు, అక్కడ రంగు పరీక్ష చేయొచ్చు. సూది లేని సిరంజిలో వంటల్లో వాడే ముదురు రంగు కలిపిన నీళ్లు నింపుకోండి. పంపు ఆపి కనీసం అరగంట అయి ఉండాలి, నీళ్లు కదలకుండా ఉండాలి, మీరు దిగేటప్పుడు కూడా మెల్లగా, అలలు లేవకుండా. స్కిమ్మర్ ప్లాస్టిక్ ఎక్కడ కాంక్రీటును తాకుతుందో ఆ అతుకు దగ్గర, అంగుళం దూరంలో సిరంజి మూతి పెట్టి ఒక్క బొట్టు వదలండి. నొక్కకండి, వదలండి అంతే. లీకు లేకపోతే ఆ రంగు అక్కడే తేలుతూ మెల్లగా కరిగిపోతుంది. లీకుంటే బొట్టు సాగి, సన్నటి దారమై, అతుకులోకి సర్రున పోతుంది. ఒకసారి చూస్తే చాలు, ఇక అనుమానం ఉండదు. అలాగే రిటర్న్ నోళ్ల చుట్టూ ఉన్న రింగు, ఊడిన గ్రౌట్, టైల్స్ మధ్య నెర్రెలు చూసుకుంటూ రండి. స్కిమ్మర్ అతుకులో దొరికితే నీళ్లలోనే గట్టిపడే ఎపాక్సీ పుట్టీతో మూసేయొచ్చు, పూల్ ఖాళీ చేయనక్కర్లేదు.

లైటు దగ్గర మాత్రం ముందు ఎమ్‌సీబీ ఆపి, ఆపిన స్విచ్‌ను ఎవరూ మళ్లీ వేయకుండా చూసుకున్న తర్వాతే చేయి పెట్టండి. లైటు గూడు వెనక నుంచి వైరు వెళ్లే కండ్యూట్ పైపు ఒకటి ఉంటుంది. దాని మూతి దగ్గర సీలు పోయి, పైపు నేలలో ఎక్కడైనా విరిగి ఉంటే నీళ్లు ఆ దారినే పోతాయి. చాలామందికి తట్టని చోటు ఇది, ఎందుకంటే అది నీళ్ల పైపు కాదు. లైటు విప్పి సీలు వేయించే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా వేలు పైపు వైపే చూపిస్తుంటే, అప్పుడు లీకులు పట్టేవాళ్లను పిలవండి, తవ్వేవాళ్లను కాదు. వాళ్లు ఒక్కో పైపుకు రెండు చివర్లా బిరడాలు బిగించి, లోపల నీళ్లతో ఒత్తిడి పెట్టి గేజి చూస్తారు. ముల్లు కదలకుండా నిలబడితే ఆ పైపు మంచిది, మెల్లగా పడిపోతుంటే అదే దొంగ. తర్వాత గచ్చు మీద మైకు పెట్టి శబ్దం విని ఎక్కడ చిమ్ముతోందో పట్టుకుంటారు, అవసరమైతే పైపులోకి గ్యాస్ పంపి అది నేలలోంచి ఎక్కడ పైకొస్తోందో పరికరంతో చూస్తారు. అప్పుడు ఒకటి రెండు పలకలు లేపితే సరిపోతుంది. మీరు వాళ్లను అడగాల్సినవి: ఏ పైపు, ఎంత ఒత్తిడి పెట్టారు, ఎంతసేపట్లో ఎంత పడిపోయింది. జవాబు కాగితం మీద రాసిచ్చాకే గడ్డపార తేనివ్వండి. ఈ ఒత్తిడి పరీక్ష కంప్రెసర్ తెచ్చుకుని మీ అంతట మీరు గాలితో చేయొద్దు, బిరడా ఊడితే తూటాలా వస్తుంది.

ఎవరైనా "పూల్ మొత్తం ఖాళీ చేస్తే పగులు కనిపిస్తుంది" అంటే వెంటనే సరేననకండి. లీకు వల్ల చుట్టూ మట్టి ఇప్పటికే నాని ఉంటుంది, కింద నీటి మట్టం పైకి ఉందంటే ఖాళీ పూల్‌ను ఆ నీళ్లు కిందినుంచి పైకి తోస్తాయి, కాంక్రీటు పూల్ మొత్తం లేచి పగిలిపోయిన సందర్భాలున్నాయి. ఫైబర్‌గ్లాస్ గోడలు లోపలికి ఉబ్బుతాయి. ఖాళీ చేయక తప్పకపోతే అడుగు డ్రెయిన్‌లో ఉండే ఒత్తిడి వాల్వ్ గురించి, భూగర్భ నీటి మట్టం గురించి తెలిసినవాళ్లు దగ్గరుండాలి.

ఇక పిల్లల ఈత. క్లోరిన్, పీహెచ్ సరిగ్గా ఉంటే, బకెట్ పరీక్ష లేని రోజుల్లో ఈత కొట్టొచ్చు, నీళ్లు కారుతున్నంత మాత్రాన ఉన్న నీళ్లు చెడిపోవు. కానీ లైటు వైపు అనుమానం తీరేదాకా దాని ఎమ్‌సీబీ ఆపే ఉంచండి, నీళ్లలో ఎవరికైనా చిమచిమలాడినట్టు అనిపించినా, నిచ్చెన పట్టుకుంటే జివ్వుమన్నా అందర్నీ వెంటనే పైకి రమ్మనండి, ఆ లోహాన్ని ముట్టుకోకుండా, కరెంటు మొత్తం ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. గచ్చు మీద ఒకసారి కర్రతో తట్టుకుంటూ నడవండి. ఎక్కడైనా కింద బోలుగా ఉన్నట్టు డొల్ల శబ్దం వస్తే, లేదా పలక ఒకవైపు కుంగితే, అక్కడ మట్టి కొట్టుకుపోయిందేమో చూడాలి. అటువైపు పిల్లల్ని పోనివ్వకుండా తాడు కట్టేయండి. లీకు పట్టేవాళ్లు వచ్చినప్పుడు ముందు ఆ చోటే చూపించండి.